బెరడు వదిలే వారం

ఆరు నెలలు మంచు తోసే బండి నడుపుతాను.
మే రెండో వారంలో
దాన్ని షెడ్డులో పెట్టి తాళం వేస్తానా,
ఆ సాయంత్రమే చాకు తీసుకుని
ఓట్రా ఒడ్డున విల్లో చెట్ల దగ్గరికి వెళ్తాను.

కొమ్మల్లోకి నీరు ఎక్కే రోజులివి.
బెరడుకీ కర్రకీ మధ్య జిగురుగా ఒక తడి
వారమో పది రోజులో ఉంటుంది.
తర్వాత రెండూ మళ్లీ
ఒకదాన్నొకటి కరిచిపట్టుకుంటాయి.

మూరెడు కొమ్మ కోసి, మోకాలి మీద పెట్టి
చాకు పిడితో కొట్టాలి.
టక్ టక్ టక్, తిప్పుతూ, నిమ్మళంగా,
పిల్లాణ్ణి జోకొడుతున్నట్టు.
మొదటి ఏడు ఆత్రపడి మెలితిప్పాను.
బెరడు నిలువునా చీలింది.
రెండోదీ చీలింది.
పద్నాలుగోది కుబుసంలా జారి
చేతిలోకొచ్చింది.
ముక్కు పెట్టి చూశాను: పచ్చి దోసకాయ వాసన.

ఊదితే గాలి.
ఇంకా గట్టిగా ఊదితే, ఇంకా గట్టి గాలి.

వాలె లైబ్రరీలో దొరికిన పుస్తకంలో
ఒక బొమ్మ, దాని కింద మూడు వాక్యాలు.
బెరడు తీయాలి, అని మొదటిది.
మూతికి బిరడా బిగించి గాటు పెట్టాలి, అని రెండోది.
మూడోది: తర్వాత వాయించాలి.

ఎగువన ఉండే గున్‌స్టెయిన్‌కి వచ్చునట.
అడుగుదాం, అడుగుదాం అనుకుంటూనే
ఆరు శీతాకాలాలు అతని వాకిట్లో మంచు తోశాను.
ఏడో శీతాకాలం
అతని శవపేటిక వెళ్లడానికి దారి తోశాను.
ఆ మేలోనే మొదలుపెట్టాను.

నా కుడిచేతికి మూడే వేళ్లు.
మిగతా రెండూ
మంచు విసిరే యంత్రం తీసుకుంది, తప్పు నాదే.
కొట్లో అమ్మే పిల్లనగ్రోవికి ఆరు రంధ్రాలు,
దాన్ని చూసి ఎప్పుడో దండం పెట్టేశాను.
ఈ బెరడు గొట్టానికి రంధ్రాలే లేవు.
చివర తెరిచిన నోరొకటి,
మూయడానికి ఒక వేలు చాలు.
తెరిస్తే ఒక స్వరం, మూస్తే ఒక స్వరం.
మెల్లగా ఊదితే కింద, బిగించి ఊదితే పైన.
ఎక్కాల్సిన మెట్లన్నీ ఊపిరిలోనే ఉన్నాయి.
ఇది తెలియడానికి నాకు మూడు వసంతాలు పట్టింది.
చెప్పేవాళ్లుంటే మూడు నిమిషాల పని.

చర్చిలో ఆర్గన్ వాయించే ఓస్‌హిల్డ్
ఒకరోజు వంతెన మీద ఆగి వింది.
"నాలుగోది తప్పు" అంది.
"ఆ స్వరం ఏ మీట మీదా లేదు.
రెండు మీటల సందులో ఎక్కడో పడుతోంది."
ఆ వారమంతా దాన్ని కిందికి దించాలని
బుగ్గలు నొప్పెట్టేలా ఊదాను. దిగలేదు.
తప్పు నాదో, చెట్టుదో
చెప్పడానికి ఎవరూ లేరు.

తడిగుడ్డలో చుట్టి
ఫ్రిజ్‌లో వెన్న పక్కన పెడతాను.
పదో రోజుకి ముడుచుకుంటుంది.
ఒక ఉదయం ఊదితే ముసలివాడి ఈల,
మర్నాడు అదీ ఉండదు.
మళ్లీ వచ్చే మేలోనే.

తొమ్మిదేళ్లుగా నేర్చుకుంటున్నానని చెప్తుంటాను.
రోజులు లెక్కేస్తే
మూడు నెలలు.
మిగతా కాలమంతా బండిలోనే,
తెల్లవారుజామున నాలుగింటికి,
అద్దం మీద మంచు రాలుతుంటే
గేరు కర్ర మీద చూపుడువేలు
తెరుచుకుంటూ, మూసుకుంటూ.
ఎదురుగా వచ్చే పాల లారీవాడు
నేను సైగ చేస్తున్నాననుకుని చెయ్యి ఊపుతాడు.

నిన్న ఒడ్డున వాయిస్తుంటే
గున్‌స్టెయిన్ భార్య బోర్‌గిల్ద్
తివాచీ దులపడానికి వచ్చి, దులపకుండా నిలబడింది.
చాలాసేపటికి
"ఆయనా ఆ నాలుగోది అలాగే
తప్పు వాయించేవాడు" అంది.
తివాచీ రెండుసార్లు విదిలించి
లోపలికి వెళ్లిపోయింది.

నేనేమీ అనలేదు.
ఎండకి బెరడు బిగుస్తోంది.
వంగి, ఏట్లో ముంచాను.